రేగులపల్లి గేటు దగ్గర ఎదురు పిలుపు

ఒకటో రోజు

ఈ పొద్దున ఐదు గంటల పది నిమిషాలకు రేగులపల్లి గేటుకు గొంతు వచ్చింది. ఆ గొంతు నాది. నా పేరు గుండెబోయిన సులోచన. గేటు మనిషిని. పదకొండేళ్ల సర్వీసులో నా గేటు దగ్గర ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఈ డైరీలో రిమార్కుల గడిని రెండు వేళ్ల వెడల్పు పెట్టారు. నాకది ఏ మూలకూ చాలదు కాబట్టి వెనక పేజీల్లో రాస్తున్నాను. రాసిన పేజీల నకలు ఏ రోజుది ఆ రాత్రికే లైను ఆఫీసుకు పోతుంది, అక్కడ ఎవరైనా చదివితే చదవనీ.

గేటు అంటున్నాం గానీ ఇక్కడ గేటు లేదు. ఏడు నిమిషాలకో బండి పోయే లైను మీద అడ్డకమ్మీ పెడితే దాన్ని ఎత్తే సందే దొరకదని ఎప్పుడో తీసేశారు. పైవంతెన పన్నెండేళ్లుగా మంజూరవుతూనే ఉంది. ఉన్నదల్లా ఒక రోడ్డు, దానికి అడ్డంగా రెండు లైన్లు, నేల మీద ఎరుపూ పచ్చా దీపాల గీత, స్తంభం మీద యంత్రపు కళ్లు రెండు. ఎవరు దాటుతున్నారో, బండి ఎంత దూరంలో ఉందో ఆ కళ్లు చూసి క్యాబినులో ఉన్న లెక్కల పెట్టెకు చెబుతాయి. బండికి డ్రైవరు లేడు, కూత లేదు, చక్రాల చప్పుడు కూడా లేదు. ఊళ్లో దాన్ని మూగబండి అంటారు. బ్రేకు పడ్డాక నాలుగు కిలోమీటర్లు పోతే గానీ ఆగదు.

అందుకే ఈ స్పీకరు. బండి దగ్గరపడేసరికి ఇంకా పట్టాల మీదే ఉన్నవాళ్లను అది పిలుస్తుంది. పట్నం నుంచి వచ్చిన కాగితంలో "దయచేసి త్వరితగతిన అధిగమించగలరు" అని ఉంది. అది విని అర్థం చేసుకునేలోపు బండి వచ్చి పోతుంది. నేను దాన్ని కొట్టేసి "ఓ అన్నా, ఓ అక్కా, బండొస్తున్నది, జల్ది దాటుండ్రి" అని రాసి, నేనే చెప్పి రికార్డు చేశాను. లైను మొత్తం మీద గేటు మనిషి గొంతుతో మాట్లాడే గేటు మాదొక్కటే. స్పీకరును నా క్యాబిను గోడకే బిగించారు, ఊరివైపున. పట్నంలో పరీక్షించినప్పుడు విన్నవాళ్లంతా ముందుకే ఉరికారట.

ఆరో రోజు

తెల్లవారకముందే యంత్రపు కళ్ల మీద దుమ్ము తుడిచి, పెట్టెలో కాపురం పెట్టిన బల్లిని బయటికి తోలాను. అది రేపు మళ్లీ వస్తుంది. ఐదింటికి జనం మొదలయ్యారు. ఇళ్లు ఇటు, చేలు అటు. పదిన్నరకు ఎండ సైరను మోగేలోపు పని ముగించుకుని ఇళ్లలో పడాలి. సైరను తర్వాత బయట కనబడితే నీళ్ల కార్డులో రెండు బిందెలు కోత.

ఒక ముచ్చట రాయాలి. నా గొంతు విని నలుగురు పట్టాల మీద నుంచి వెనక్కి వచ్చారు. ముందుకు పోవలసినవాళ్లు వెనక్కి రావడం తప్పే, పెట్టె దాన్ని "వెనకమళ్లు" అని లెక్క కట్టింది. కానీ వచ్చినవాళ్లు ఊరికే పోలేదు. నా బెంచీ మీద ఒక్క క్షణం కూర్చుని, కుండలో నీళ్లు తాగి, మళ్లీ బయలుదేరారు. పదకొండేళ్లుగా ఎవరూ నా బెంచీ ముఖం చూడలేదు. గొంతులో అంత ఆప్యాయత పలికినట్టుంది. రేపటి నుంచి రెండో కుండ పెడతాను.

పదమూడో రోజు

వెనకమళ్లు తొమ్మిది. లైను ఆఫీసు నుంచి వహీద్ సారు ఫోను చేశాడు. మా జిల్లా గేట్లన్నింటికీ ఆయనే ఇంజినీరు, వయసులో నాకంటే పదేళ్లు చిన్న.

"సులోచనమ్మా, గొంతు పెట్టకముందు మీ గేటుకు నెలకు ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు రెండు వారాలకే తొమ్మిది. ఏం జరుగుతున్నది?"

"నీళ్లు తాగటానికి వస్తుండ్రు సారూ."

"పట్టాల మీదికెళ్లి నీళ్లకు వస్తరా ఎవరన్నా?"

ఆయన రూలు చదివి వినిపించాడు. ముప్పై రోజుల్లో వెనకమళ్లు ఇరవైకి చేరితే దాటు ప్రమాదకరమని రాసి గోడ కట్టేస్తారు. ఆ తర్వాత చేలకు పోవాలంటే చింతలగట్టు వంతెన మీదుగా ఇరవై మూడు కిలోమీటర్ల చుట్టు. ఐదింటికి బయలుదేరి, అంత దూరం పోయి, సైరను లోపు తిరిగి రావడం కుదరని పని. గోడ లేచిన రోజునే రేగులపల్లికి సేద్యం చెల్లిపోయినట్టు.

ఫోను పెట్టాక పెట్టె లెక్కలు ముందేసుకుని కూర్చున్నాను. తొమ్మిదీ పొద్దున పోయేటప్పుడే. పదింటికి తిరిగి వచ్చేటప్పుడు ఒక్కటీ లేదు. ఆకలి మీద ఇంటికి పోయేవాళ్లు ఆగరు కదా అనుకున్నాను. అంతకంటే ఆలోచించలేదని ఇప్పుడే ఒప్పుకుంటున్నాను.

పదిహేడో రోజు

ఈ పేజీ సాయంత్రం రాస్తున్నాను.

మణెమ్మత్త మా ఊళ్లో అందరికంటే ముందు చేనుకు పోయే మనిషి. డెబ్బై రెండేళ్లు. లైను అవతలి ఆసుపత్రిలో ఆమె కూతురు యశోదకు రాత్రి నొప్పులు మొదలయ్యాయని కబురు వచ్చింది. తెల్లారగానే చేతిలో పాత చీరల మూటతో పరుగులాంటి నడకతో వచ్చింది. దీపాల గీత పచ్చగానే ఉంది. ఇవతలి లైను దాటి రెండింటి మధ్యకు చేరింది. అప్పుడు ఇవతలి లైను మీద బండి దగ్గరపడింది, నా గొంతు పలికింది.

ఆమె అప్పటికే గండం దాటేసింది. అవతలి లైను ఖాళీ. ఇంకో ఆరడుగులు వేస్తే రోడ్డు. అలాంటిది నిలబడిపోయి, వెనక్కి తిరిగి, బండి వస్తున్న లైను వైపే నడిచింది.

నేను క్యాబిను నుంచి ఉరికి రెండు చేతులూ ఎత్తాను. నన్ను చూసి పట్టాకు జానెడు దూరంలో ఆగింది. మూగబండి మా ఇద్దరి మధ్య నుంచి పోయింది. పోయాక చూస్తే అత్త కంకర మీద పడి ఉంది. గాలి విసురుకు పడిపోయి మణికట్టు విరిగింది. మూటను మాత్రం వదల్లేదు.

ఎత్తుకుని అవతలికి తీసుకుపోతుంటే అడిగాను. "ఎనుకకు ఎందుకొచ్చినవ్ అత్తా?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నువ్వే పిలిస్తివి గదనే."

"దాటమని చెప్పిన."

"ఏం చెప్పినవో ఎవలు ఇన్నరు. పోయేదాన్ని ఎనుకకెళ్లి పిలిస్తివి. బిడ్డ నొప్పులల్ల ఉన్నది, గసొంటి శకునంతోని పోతనా? కూసొని, ఇన్ని నీళ్లు తాగి పోదామని మర్రిన."

వెనకమళ్లు పదిహేను. యశోదకు మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. అమ్మమ్మ మాత్రం పక్క మంచం మీద కట్టుతో ఉంది.

పద్దెనిమిదో రోజు

రెండో కుండను లోపల పెట్టేశాను. దాని ముఖం చూడబుద్ధి కాలేదు.

ఆప్యాయత అనుకున్నాను. నా గొంతు తీపి అనుకున్నాను. పనికి పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదని మా అమ్మ నాకు నడక రాకముందే చెప్పింది. మర్చిపోయి పిలిస్తే, పోయినవాళ్లు వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. ఇది తెలియని ఇల్లు ఈ ఊళ్లో లేదు. పట్నంలో పరీక్షించినవాళ్లకు తెలియకపోవచ్చు. నాకేమైంది? పదకొండేళ్లు కాపాడిన ఊరిని నా గొంతుతో నేనే బండి ముందుకు పిలిచాను. సిగ్గుగా ఉంది.

ఇరవయ్యో రోజు

వహీద్ సారు ఒక కరపత్రం పంపాడు. "అపోహలు వీడండి, ప్రాణాలు కాపాడుకోండి." ఐదింటికే జనాన్ని ఆపి చదివి వినిపించాను. చదవడమే కాదు, కాస్త గట్టిగానే తిట్టాను. ఇంత చదువుకుని, చేతుల్లో ఇన్ని యంత్రాలు పెట్టుకుని, ఎవరో పిలిచారని బండి ముందుకు వస్తారా అని. అందరూ తలలూపారు. నిజమేనక్కా అన్నారు.

తల ఊపినవాళ్లలో మొదటివాడు కందిచేను బక్కయ్య. పావుగంటకు అతనే పట్టాల మీద నుంచి వెనక్కి వచ్చాడు.

"ఇప్పుడేగదరా తలకాయ ఊపినవ్?"

"నాకు నమ్మకం లేదక్కా. నిజంగ లేదు. గని కాలుకు ఉన్నది."

ఆ మాటకు ఒళ్లు మండింది. తిట్టి పంపాను. వెనకమళ్లు పద్దెనిమిది.

ఇరవై ఒకటో రోజు

పొద్దున మణెమ్మత్తకు పప్పూ అన్నం కట్టుకుని ఆసుపత్రికి బయలుదేరాను. అరగంట గేటును పెట్టెకు వదిలిపెట్టవచ్చని రూలు ఉంది. గీత పచ్చగా ఉంది, దాటుతున్నాను. ఇవతలి లైను దాటాక నా గొంతు నా వెనక నుంచి వచ్చింది. ఓ అన్నా, ఓ అక్కా.

ఆ మాటలు నేను రాసినవి. ఆ గొంతు నాది. ఎందుకు పలికిందో, ఎన్ని సెకన్లలో బండి వస్తుందో ఈ భూమ్మీద నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. మళ్లీ చూసుకునేసరికి నా ఎదురుగా నా క్యాబిను ఉంది. ఎప్పుడు తిరిగానో తెలియదు. ఎలా వచ్చిపడ్డానో తెలియదు. వీపు వెనక నుంచి బండి పోయింది, కొంగు ఎగిరి ముఖాన పడింది. బెంచీ మీద కూర్చున్నాను. కుండలో నీళ్లు ముంచుకుని సగం తాగాక గాని నేనేం చేస్తున్నానో నాకు తట్టలేదు.

బక్కయ్యను తిట్టినందుకు ఈ సాయంత్రమే పోయి మాట్లాడాలి.

అక్కడే పదింటిదాకా కూర్చుండిపోయాను. జనం చేల నుంచి తిరిగి వస్తున్నారు. బండి దగ్గరపడింది, గొంతు పలికింది. పట్టాల మీదున్న ఇద్దరు ఆడవాళ్లు చీరలు ఎత్తిపట్టి ముందుకు ఉరికి, నవ్వుకుంటూ నా ముందుకొచ్చి పడ్డారు. అప్పుడు అర్థమైంది. వాళ్లు ముందుకు ఉరికింది ఆకలి వల్ల కాదు, ఇంటి మీద ధ్యాస వల్ల కూడా కాదు. వాళ్లకు నా గొంతు ఎదురు నుంచి వినిపించింది. వెనక నుంచి పిలిస్తే అడ్డు, ఎదురు నుంచి పిలిస్తే రమ్మని. అదే గొంతు, అవే మాటలు. స్పీకరు ఏ వైపున ఉందన్నదే తేడా.

ఇక లెక్క. గేటు మనిషి దాటితే దాన్ని "మరమ్మతు" గడిలో వేసుకోవచ్చు. అప్పుడు వెనకమళ్లు పద్దెనిమిది దగ్గరే ఆగుతుంది. కలాన్ని ఆ గడి మీద కాసేపు పట్టుకున్నాను. అబద్ధం రాస్తే గోడకు రెండడుగుల దూరంలో ఉంటాం, నిజం రాస్తే ఒక్కడుగు. కానీ నిజం రాయకపోతే జనానిదే మూర్ఖత్వమని కరపత్రాలు వస్తూనే ఉంటాయి.

పంతొమ్మిది: గుండెబోయిన సులోచన, గేటు మనిషి. కారణం: వెనక నుంచి పిలిచారు.

ఇరవై రెండో రోజు

ఆరింటికే వహీద్ సారు ఫోను. వెనక పేజీలు కూడా చదివాడట.

"మరమ్మతు గడిలో వేసుకుంటే లెక్కకు రాకపోయేది కదమ్మా."

"మరమ్మతుకు పోలేదు సారూ. పప్పు పట్టుకొని పోయిన."

ఆయన చిన్నగా నవ్వాడు. "మా అబ్బా పోలీసుల పనిచేసిండు. ఎవరికీ భయపడకపోయేది. మా అమ్మీ ఎనుకకెళ్లి పిలిస్తే మాత్రం డ్యూటీకి పోయేటోడు స్కూటర్ దిగి ఇంట్లకొచ్చి కూసునేది. కరపత్రం రాసేటప్పుడు నాకిది యాదికి రాలేదు."

"రెండో స్పీకరు ఇయ్యుండ్రి సారూ. చేలకు పోయేటోళ్లకు అవతల మోగాలె, ఇంటికొచ్చేటోళ్లకు ఇవతల మోగాలె. వీపు ఎనుక ఉన్నది నోరు మూసుకోవాలె."

"స్పీకరు గేటు మనిషి చేతికి అందేటట్టు ఉండాలని రూలున్నది."

"రోజూ పొద్దున జనం రాకముందే అవతలికి పోయి చూసుకొని వస్త. అందినట్టే."

ఎనిమిది రోజులు పరీక్షకు ఒప్పుకున్నాడు. ముప్పయ్యో రోజు లోపల ఇంకొక్కటి పడితే మాత్రం గోడను తానే కాదు, ఎవరూ ఆపలేరన్నాడు.

ఇరవై నాలుగో రోజు

స్పీకరు వచ్చింది. అది వచ్చేదాకా రెండు పొద్దులూ గొంతును ఆపేసి, బండి దగ్గర లేదని చూసుకుని నేనే ఒక్కొక్కరినీ దాటించాను. అవతల కరెంటు లేదు. క్యాబిను కప్పు మీద ఫ్యానుకు ఉన్న సోలారు పలకను విప్పి అక్కడ బిగించాను. ఇప్పుడు క్యాబినులో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే ఉంది. ఏం పర్వాలేదు.

అయినా పని సగమే అయింది. గొంతు అవతల నుంచి పలికితే బక్కయ్య వెనక్కి తిరగలేదు గానీ, పట్టాల మీద ఆగి నా క్యాబిను వైపు చూశాడు. నా పానం పోయింది. అడిగితే, "నువ్వు ఈడ కూసుంటివి, గొంతు ఆడికెళ్లి వస్తున్నది. నువ్వు యాడున్నవో అని సూసిన" అన్నాడు. పదకొండేళ్లుగా నేను ఇవతలి మనిషిని. నా గొంతుకు ఊరి లెక్కలో చోటు ఇదే. ఇక్కడే ఉండాలి.

అవతలి గొంతు ఎవరిదని అనుకున్నాను. తెల్లారేసరికి అవతల చేలో చిలకలను తోలుతూ, వచ్చే ప్రతి మనిషినీ పేరు పెట్టి కేకేసే గొంతు ఒక్కటే ఉంది.

ఇరవై ఐదో రోజు

ఆసుపత్రికి పోయాను. ఈసారి అవతల నిలబడ్డ స్పీకరు నా ముందుంది, కాలు తిన్నగా పోయింది. మణెమ్మత్త ఒక చెయ్యి కట్టులో, రెండో చేతిలో మనవరాలితో మంచం మీద కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పి, చేసిన తప్పుకు క్షమించమని అడిగాను. క్షమాపణ సంగతి వదిలేసి రికార్డు చేసే పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. కాగితం మీద మాటలు రాసిచ్చాను.

"ఇవి సదువమంటవా, పిలువమంటవా?"

"పిలువాలె."

కాగితాన్ని యశోద చేతిలో పెట్టి, గొంతు సవరించుకుని, ఆసుపత్రి అంతా వినేట్టు పిలిచింది. "రా బిడ్డా, రా. బండొస్తున్నది, జల్ది రా. పని ఈడున్నది, ఆడేం జేస్తున్నవ్." పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. మళ్లీ చెప్పించలేదు. అదే ఉంచాను, పిల్ల ఏడుపు మొదలైనచోట కత్తిరించాను.

ఇరవై ఆరో రోజు

ఐదింటి నుంచి గుండె చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఐదూ ఇరవైకి బక్కయ్య పట్టాల మీద ఉండగా బండి దగ్గరపడింది. అవతల నుంచి మణెమ్మత్త పిలిచింది. బక్కయ్య ఆగలేదు, చూడలేదు, చెప్పులు చేతబట్టుకుని ఉరికాడు. అవతలికి చేరాక మాత్రం చేను వైపు నాలుగు దిక్కులా అత్త కోసం వెతుక్కున్నాడు.

"పనికి ఆల్చమైనందుకు తిడుతున్నదేమో అనుకున్ననక్కా" అని పదింటికి వచ్చేటప్పుడు చెప్పాడు.

ఈ ఒక్క పొద్దునే ఏడుసార్లు పిలిచింది. ఏడుగురూ ముందుకే పోయారు. నా జీవితంలో ఇంతకంటే మంచి పొద్దు చూడలేదు.

ముప్పయ్యో రోజు

వెనకమళ్లు పంతొమ్మిది దగ్గరే ఆగింది. ఆ పంతొమ్మిదో పేరు నాదే. దాన్ని చెరపమని ఎవరన్నా చెప్పినా చెరపను.

వహీద్ సారు స్వయంగా వచ్చి నాలుగు గంటలు నా బెంచీ మీద కూర్చున్నాడు. గోడ కాగితాన్ని నా కళ్ల ముందే రద్దు చేశాడు. జిల్లాలో నలభై ఒక్క గేట్లకు గొంతులు రావలసి ఉన్నాయట. ప్రతి ఊళ్లోనూ అవతల ఎవరి గొంతు ఉంటే జనం ఎదురుగా పోతారో నన్ను కనుక్కు రమ్మన్నాడు. ఆర్డరులో రూలును కూడా మార్చి రాశాడు: "హెచ్చరిక దాటేవారికి ఎదురు దిక్కు నుంచి, ఆ ఊరివారి గొంతులో రావలెను." దాని కింద ఆధారం అన్నచోట రేగులపల్లి గేటు డైరీ, వెనక పేజీలు అని ఉంది. ఆ లైనును మూడుసార్లు చదువుకున్నాను. గర్వంగా ఉంది. దాచుకోవడానికి ఏముంది, చాలా గర్వంగా ఉంది.

పై ఆఫీసులో ఒకాయన "పని ఈడున్నది, ఆడేం జేస్తున్నవ్" అన్నది ప్రభుత్వ ప్రకటనకు మర్యాదగా లేదని రాశాడట. మణెమ్మత్తకు చెబితే, "ఆయన్ను పొద్దుగాల ఐదింటికి వచ్చి పట్టాల మీద నిలబడుమను, మర్యాదగ పిలుస్త" అంది. వహీద్ సారు ఆ జవాబును ఉన్నదున్నట్టు పైకి పంపాడు.

ముప్పై ఒకటో రోజు

ఈ రోజు మణెమ్మత్త ఇంటికి వచ్చింది. ముందుగా తను దాటి వచ్చి నా పక్కన నిలబడింది, కట్టు ఉన్న చేతిని ఎండకు అడ్డం పెట్టుకుని. ఆసుపత్రి బండి యశోదను అవతల దింపి పోయింది. ఆమె బిడ్డను పొత్తిళ్లలో పొదువుకుని, కొత్త బాలింత నడకతో పట్టాల మీదికి వచ్చింది. గీత పచ్చగానే ఉంది, కానీ ఆమె నడక నిదానం. అవతలి లైను దాటి మధ్యకు రాకముందే పెట్టె లెక్క కట్టింది. ఇవతలి లైను మీద బండి వస్తోంది, ఇంకా ఇరవై ఎనిమిది సెకన్లు.

అత్త నోరు తెరిచింది. నేను ఆమె భుజం పట్టుకున్నాను. పిలవవలసిన గొంతు పిలిచింది. నాది.

ఓ అన్నా, ఓ అక్కా, బండొస్తున్నది, జల్ది దాటుండ్రి.

అదే గొంతు రెండు వారాల కిందట ఆమె తల్లిని బండి ముందుకు లాగింది. యశోద తల ఎత్తి మా వైపు చూసి, నవ్వి, బిడ్డను గట్టిగా హత్తుకుని అడుగుల వేగం పెంచింది. మధ్య ఖాళీ, ఇవతలి లైను, దీపాల గీత. వచ్చి అత్త చేతుల్లో బిడ్డను పెట్టింది. పన్నెండు సెకన్లు మిగిలాయి. తర్వాత బండి వచ్చి, చప్పుడు లేకుండా పోయింది. మేమెవరమూ దాని వైపు చూడలేదు.

"నీ గొంతే పిలిచిందే మా పిల్లను మొదాలు" అంది మణెమ్మత్త, బిడ్డ ముఖం మీద ఎండ పడకుండా కొంగు కప్పుతూ. నాకు కళ్లు మసకబారాయి. పదకొండేళ్లలో ఈ గేటు దగ్గర నేను ఏడవడం ఇదే మొదటిసారి, ఎవరన్నా అడిగితే దుమ్ము అని చెప్పను.

తొమ్మిదిన్నర. ఎదురు పిలుపుకు దాటినవారు ఇద్దరు. యశోద. రెండోవారికి ఇంకా పేరు పెట్టలేదు.